చెట్టునీడలో పాకే మొక్కలు: సందేహాలు - సమాధానాలు

ఈ వారం సంచిలో యానాం ఉత్తరాలే ఎక్కువ. అక్కడ ఏ ఇల్లు చూసినా ఓ పక్క కొబ్బరి నీడ, ఇంకో పక్క ప్రహరీ నీడ. ఆ నీడలో నేలమీద పాకించిన మొక్కలు, వాటితోపాటు పుట్టుకొచ్చిన భయాలు. అందుకే వేరే ప్రశ్నలు వచ్చే వారానికి వాయిదా వేసి వీటికే జవాబులు ఇస్తున్నాను.

జూన్‌లో కడియం నర్సరీ నుంచి సరస్వతి ఆకు మొక్కలు తెచ్చి కొబ్బరిచెట్ల కింద నాటాను. వారం తిరక్కుండానే సగం ఆకులు పసుపెక్కి నేలకు అతుక్కుపోయాయి. "నీ చెయ్యి మంచిది కాదు" అంటున్నారు ఇంట్లో. నిజంగా నా వల్లే పోతున్నాయా?
- గృహిణి, కనకాలపేట

మీ చేతికి ఏ దోషమూ లేదు, ముందు ఆ బెంగ వదిలెయ్యండి. నర్సరీలో అవి పచ్చవల కింద, పూటపూటకూ తుంపర నీళ్లతో పెరిగిన మొక్కలు. కొత్త మట్టిలో వేళ్లు కుదురుకునేదాకా పాత ఆకుల్ని వదిలేసుకోవడం మామూలే. రెండు వారాల్లో మొక్క నడుమ నుంచి మడత విప్పుకుంటూ చిన్న గుండ్రటి ఆకు లేచిందంటే బతికినట్టే. మొదలు దగ్గర కాడ మెత్తబడి, నొక్కితే నీరు కారి కుళ్లు వాసన వస్తే మాత్రం ఆ మొక్కను తీసేయండి. ఒకట్రెండు రోజులు నీళ్లు ఆపి, మిగిలిన మొక్కల చుట్టూ మట్టిలో కాస్త ఇసుక కలపండి.

మామిడిచెట్టు కింద గరిక వేశాం, కొరియన్ గడ్డి వేశాం, బిళ్ల గన్నేరు వేశాం. ఏదీ నిలవలేదు. మట్టిలో విషం ఏమైనా కలిసిందేమోనని భయంగా ఉంది.
- విశ్రాంత ఉద్యోగి, మెట్టకూరు

విషమే ఉంటే ముందు మీ మామిడే చెప్పేది. అది ఏటా చిగురు వేసి కాపు కాస్తోందంటే మట్టి గురించి కంగారు అక్కర్లేదు. మీరు వేసిన మూడూ ఎండ కోరేవి, చిక్కు అక్కడే వచ్చింది.

ఎండ బాగా కాసే రోజు చూసి మిట్టమధ్యాహ్నం చెట్టు కింద తెల్లకాగితం పరవండి. దానికి అడుగు ఎత్తున అరచెయ్యి చాపండి. వేళ్ల నీడ విడివిడిగా పడితే సరస్వతి ఆకు, నీడకు ఓర్చుకునే వెడల్పాకు గడ్డి పెరుగుతాయి. నీడ ముద్దలా మసగ్గా పడితే మనీ ప్లాంట్, సింగోనియం వేసుకోవచ్చు. అసలు నీడే పడలేదంటే అక్కడ ఏదీ పాకదు. రాలిన మామిడాకునే రెండంగుళాల మందాన పరిచి ఉంచండి, మట్టికి అంతకంటే మంచి దుప్పటి లేదు. మొక్క నిలవడం లేదని గునపం తెచ్చి మామిడి పైవేళ్లు నరకడం మాత్రం వద్దు. కొమ్మలు చివర్ల నుంచి ఎండుకొస్తూ, మానునుంచి బంక కారుతుంటే అప్పుడు ఆందోళన పడాలి, అదీ మామిడి గురించి.

మా మూడేళ్ల మనవడు నేలమీద పాకిన మనీ ప్లాంట్ ఆకు కొరికాడు. గుక్కపట్టి ఏడ్చాడు, నోరంతా ఎర్రబడింది. రెండు గంటల్లో తగ్గి మళ్లీ ఆడుకున్నాడు. కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మొక్కలన్నీ పీకేయమంటారా?
- ఒక అమ్మమ్మ, ఫరంపేట

మీ బాబు ఆ పూటే ఆడుకున్నాడు కదమ్మా, గండం గడిచిపోయింది. లోపల ఏదో మిగిలిపోయి తర్వాత తిరగబెట్టే రకం విషం కాదిది. పచ్చి కంద కోస్తే చేతులు దురదపెడతాయే, అదే సరుకు మనీ ప్లాంట్‌లోనూ, సింగోనియంలోనూ ఉంటుంది. సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని మంట పుట్టిస్తాయి. కందా, చేమా, మనీ ప్లాంటూ ఒకే కుటుంబం లెండి. ఆ మంట వల్లే పిల్లలు ఒక్క కొరుకుతో ఊసేస్తారు, ఎక్కువ మింగరు.

ఇంకెప్పుడైనా ఇలా జరిగితే నోట్లో ముక్కలు వేలితో తీసి, తడిగుడ్డతో తుడిచి, చల్లటి నీళ్లో పెరుగో కొంచెం కొంచెంగా ఇవ్వండి. వాంతి చేయించకండి. రసం కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లు పోయండి. నాలుక, పెదాలు ఉబ్బిపోయినా, గొంతు బొంగురుపోయినా, చొంగ కారుతూ మింగలేకపోతున్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా ఇంట్లో వైద్యం పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొక్కలన్నీ పీకక్కర్లేదు. బాబు ఆడుకునే వైపు సరస్వతి ఆకు వేసి, మనీ ప్లాంట్‌ను వాడి చేతికి అందని మూలకు మార్చండి చాలు.

ఇంటి వెనక నీడలో పచ్చగా అల్లించుకున్నాం. "పాములకు పడక వేశారు" అని వచ్చిన చుట్టాలంతా భయపెడుతున్నారు. సాయంత్రమైతే ఆ వైపు తలుపు తీయడం మానేశాం.
- ఒక పాఠకుడు, సావిత్రినగర్

పాము ఆకు కోసం రాదు, ఎలక కోసమో కప్ప కోసమో వస్తుంది. మీ పచ్చదనం కంటే గోడవార పేర్చిన కొబ్బరి మట్టలు, డొక్కల కుప్ప, పాత పెంకులు, కోళ్లగూడు దగ్గర ఒలికిన నూకలు దాన్ని ఎక్కువగా పిలుస్తాయి. ముందు అవి తీయించండి. పాకే మొక్కను చీలమండ దాటి ఎదగనివ్వకుండా నెలకోసారి కత్తిరించండి. గుమ్మం ముందూ, పడకగది గోడ వెంబడీ మూడడుగులు ఏ మొక్కా లేకుండా చదునుగా ఉంచండి. రాత్రి అటు వెళితే టార్చి, కాళ్లకు చెప్పులు తప్పనిసరి. ఇంత చేశాక తలుపు మూసుకుని కూర్చోవలసిన పని లేదు.

గోదావరి లంకల్లోనూ, పొలాల్లోనూ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఉన్నాయి కాబట్టి ఈ నాలుగు ముక్కలూ గుర్తుంచుకోండి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం చేయొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, మంత్రం కోసం ఒక్క నిమిషం కూడా ఆగకండి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి తెలియదు, గుర్తు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అనుమానించాల్సిందే.

రెండేళ్ల కిందట పసుపు పువ్వుల పాకే తీగ, వెడేలియా అన్నారు, నాలుగు కవర్లు కొని వేశాను. ఇప్పుడు పెరడంతా అదే. ప్రహరీ కింద నుంచి దూరి కాలవ గట్టు మీదికీ వెళ్లింది. "దెయ్యం మొక్క తెచ్చావు" అని పక్కింటివాళ్లు గొడవ. ఉప్పు చల్లితే చస్తుందని ఒకరు చెప్పారు. చల్లమంటారా?
- ఒక పాఠకుడు, అడవిపొలం

ఉప్పు మాత్రం చల్లకండి. తీగ చావడం సంగతి తర్వాత, ముందు మీ మట్టి చస్తుంది. అసలే సముద్రానికి దగ్గరి నేల, ఉన్న ఉప్పు చాలు.

మీరు నేరం ఏమీ చేయలేదు. ఈ మొక్కను ఎన్నో ఊళ్లలో రోడ్ల మధ్యా, పార్కుల్లోనూ ముచ్చటపడి వేశారు. నీడలో పచ్చగా ఉంటుంది, ఎండలో పూస్తుంది, వరదకు ఓరుస్తుంది, ఉప్పుకూ కొంత ఓరుస్తుంది. దాని గొప్పా అదే, తంటా అదే. మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన ఈ తీగ 2000లో ప్రకటించిన ప్రపంచపు వంద చెడ్డ దురాక్రమణ జీవుల జాబితాలో ఉంది. నేల తాకిన ప్రతి కణుపు దగ్గరా వేరు దించుతుంది. వేలెడు ముక్క మిగిలినా అందులో ఒక్క కణుపుంటే మళ్లీ మొదలు. ఇంటి గోడల మధ్య సిమెంటు గట్టు కట్టిన మడిలో ఉన్నంతకాలం దాన్ని చూసి భయపడక్కర్లేదు. మీ తీగ కాలవ గట్టెక్కింది, కాబట్టి ఇక ఉపేక్షించకండి.

వాన పడి మట్టి మెత్తగా ఉన్నప్పుడు ఒక కొస పట్టుకుని లాగండి, కణుపు కణుపుకూ వేరు టపటపమని ఊడివస్తుంది. తెగిన చోట చిన్న పారతో తవ్వి ముక్కలన్నీ ఏరండి. పీకిందంతా డాబా మీద ఎండేసి, చేత్తో నలిపితే పెళపెళమనేదాకా ఉంచండి. కుప్ప వేస్తే కుప్పలోనే చిగురిస్తుంది. కాలవలో గానీ గోదావరిలో గానీ అస్సలు పారేయకండి, ఆ ముక్క ఎక్కడ ఆగితే అక్కడ ఇంకో మడి తయారవుతుంది, కిందనంతా కోరింగ మడ అడవుల దారి. పశువులకూ, మేకలకూ మేతగా వేయొద్దు. ఒక్కసారితో పోదు. పదిహేను రోజులకోసారి చుట్టూ తిరిగి కొత్త మొలక పీకుతుంటే ఒక వానాకాలం గడిచేసరికి చెప్పుచేతల్లోకి వస్తుంది. పక్కింటివాళ్లను కూడా ఓ చెయ్యి వేయమనండి, గొడవ కంటే అది త్వరగా తెములుతుంది.

ఆ పసుపు పువ్వుల తీగనే మా అత్తగారు గుంటగలగర అనుకుని నూనెలో కాచారు. రెండుసార్లు తలకు రాసుకున్నాను. ఇప్పుడు జుట్టు ఊడిపోతుందా?
- ఒక పాఠకురాలు, గిరియాంపేట

రాసుకున్నాక దురద, దద్దురు ఏమీ రాకపోతే దిగులు పడకండి, ఆ కారణంగా జుట్టు ఊడదు. అత్తగారి పొరపాటు కూడా సహజమే, రెండింటికీ దగ్గరి చుట్టరికం ఉంది. మనం ఎరిగిన గుంటగలగరకు చొక్కా గుండీ అంత తెల్లపువ్వు పూస్తుంది. పసుపు పువ్వు పూసే దేశవాళీ రకం ఒకటి ఉంది గానీ దాని ఆకు పొడుగ్గా, అంచుల్లో చీలిక లేకుండా ఉంటుంది. వెడేలియా ఆకు నిగనిగలాడుతూ మూడు కొసలుగా చీలినట్టు కనిపిస్తుంది. మిగిలిన నూనె పారబోసేయండి. ఈ ఆకు రసం కడుపులోకి మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

మా బోరు నీళ్లు ఉప్పన. ఎండాకాలంలో నేలమీద పాకిన మొక్కలన్నిటికీ ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. తెగులేమో, పక్క చెట్లకూ అంటుకుంటుందేమో?
- ఒక పాఠకుడు, దరియాలతిప్ప

తెగులు కాదు, అంటుకునేది అసలే కాదు. మీరు ఉండేది సముద్రం వైపు. ఎండాకాలంలో గోదావరిలో పారుదల తగ్గితే పోటుతో ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఆకు ఆవిరి వదిలేటప్పుడు నీరు పోయి ఉప్పు అంచుల్లో నిలిచిపోతుంది, అందుకే కాలిన గుర్తు కొసలతో మొదలవుతుంది. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి మూతపెట్టి దాచుకోండి, ఏసీ నుంచి కారే నీళ్లూ మొక్కలకు పనికొస్తాయి. ఆర్వో మిషను వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి, అందులో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. రెండు గట్టి వానలు పడి మట్టి కడుక్కుపోయాక కూడా కొత్త ఆకు మాడినట్టే వస్తుంటే, నేలమీద తెల్లటి పొర కడుతుంటే మట్టి పరీక్ష చేయించండి.

2022 జూలై వరదలో మా పెరడు రోజుల తరబడి నీళ్లలో ఉంది. మొక్కలన్నీ పోయాయని గుండె చెరువైపోయింది. మళ్లీ వేశాను గానీ వాన గట్టిగా పడితే చాలు, ఒణుకు.
- ఒక పాఠకురాలు, గోదారి గట్టు వీధి, యానాం

ఆ ఒణుకు గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లందరిదీ. 1986 వరద చూసిన పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ చెబుతారు. మొక్కల వరకు మాత్రం ధైర్యంగా ఉండండి. సరస్వతి ఆకు చెరువు గట్ల మీదా, పంటబోదెల వెంటా పెరిగేది, కొద్దిరోజుల మునకకు చావదు. నీరు తీశాక ఆకుల మీది ఒండ్రును మంచినీళ్లతో కడగండి. తడి మట్టిని తొక్కకుండా, ఎరువు వేయకుండా మూడు వారాలు అలా వదిలేయండి. పైన అంతా నల్లబడినా కణుపుల దగ్గర పచ్చగా ఉంటే చిగురు వస్తుంది.

ఒక్క జాగ్రత్త. వరద నీళ్లలో మురుగు కలిసే ఉంటుంది. మునిగిన ఆకును కోసి పారేసి, కొత్తగా వచ్చిన ఆకునైనా కొన్నాళ్లు ఉడికించే తినండి. బురదలో దిగేటప్పుడు బూట్లు వేసుకోండి. ఆ తర్వాత జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే వరద బురదలో తిరిగానని డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పదో తరగతి చదివే మా అమ్మాయికి జ్ఞాపకశక్తి కోసం రోజూ పెరట్లోని సరస్వతి ఆకు గుప్పెడు నూరి ఇస్తున్నాను. "ఎక్కువైతే లివరుకు దెబ్బ" అని ఎక్కడో చదివి హడలిపోయాను.
- ఒక తల్లి, కురసాంపేట

వారంలో ఒకటి రెండుసార్లు పచ్చడిగానో పప్పులోనో తింటే ఏమీ కాదు, తరతరాలుగా తింటున్నదే. రోజూ మందులా, అదీ నెలల తరబడి ఇవ్వడం మాత్రం ఆపండి, అలా వాడినవాళ్లలో అరుదుగా లివరు ఇబ్బందులు బయటపడ్డాయి. గర్భిణులూ, లివరు జబ్బు ఉన్నవాళ్లూ డాక్టరును అడగనిదే వాడకూడదు. మీ పాపకు ఆకలి మందగించి, కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరిగితే వెంటనే రక్తపరీక్ష చేయించండి, లేదంటే నిశ్చింతగా ఉండండి. మార్కుల సంగతంటారా, ఆ హామీ నేనివ్వలేను.

మనీ ప్లాంట్ నేలమీద పాకితే డబ్బు నేలపాలవుతుందట. మా వ్యాపారం కూడా ఈ మధ్య దెబ్బతింది. భయం వేస్తోంది.
- ఒక చిరువ్యాపారి, యానాం

వ్యాపారం కుదుటపడాలని నేనూ కోరుకుంటాను, కానీ ఆ నష్టానికి ఈ తీగ పూచీ లేదు. దాని పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మోరేయా దీవి. ఆ దీవి ఇప్పటికీ ఫ్రాన్సు కిందే ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న మీ ఊరికి ఒక లెక్కన చుట్టమే. అడవిలో అది ముందు నేలమీద పాకి, చెట్టు దొరికాక ఎక్కుతుంది. నేలమీద ఉన్నంతకాలం ఆకు చిన్నదిగా, మానెక్కితే చేటంతగా అవుతుంది. పాకడం దాని స్వభావం.

తెల్లమచ్చల మనీ ప్లాంట్ నీడలో వేస్తే మచ్చలు పోయి ఉత్త పచ్చగా మారింది. వైరస్సా?
- ఒక విద్యార్థి, ఇసుకతిప్ప

వైరస్ కాదు. వెలుతురు చాలనప్పుడు తెల్లభాగం మొక్కకు దండగ, అందుకే పచ్చదనం పెంచుకుంటుంది. మచ్చలే కావాలంటే పచ్చగా మారిన కొసను, మచ్చ ఉన్న చివరి ఆకుదాకా కత్తిరించి కాస్త వెలుతురున్న చోటికి మార్చండి.

నేలంతా పచ్చగా ఉంటే దోమలు పుడతాయంటున్నారు. ఇంట్లో పసిపిల్ల ఉంది. వానకు ఆకుల మధ్య తెల్ల పుట్టగొడుగులు కూడా వచ్చాయి.
- ఒక పాఠకురాలు, మెట్టకూరు

పసిపిల్ల ఉన్న ఇంట్లో ఈ భయం న్యాయమే. కానీ దోమ ఆకులో గుడ్డు పెట్టదు, నిలవ నీటిలో పెడుతుంది. పగలు మాత్రం తడినీడలో దాక్కుంటుంది. కుండీ కింది పళ్లెం, కొబ్బరి చిప్ప, వాడని టైరు, ఇలా నీరు నిలిచేవన్నీ వారానికి ఒక్కసారి బోర్లించండి, గుడ్డు దోమగా మారేందుకు వారం పది రోజులు పడుతుంది. కిటికీ కింద ఉన్న మొక్కల్ని పలచబరచండి. పుట్టగొడుగులు మట్టిలో కుళ్లుతున్న చెక్కపొట్టు, కొబ్బరిపొట్టు మీద వస్తాయి, మొక్కకు హాని చేయవు. పిల్లలున్నారు కాబట్టి కనిపించినప్పుడల్లా తీసేయండి, ఎవరేం చెప్పినా వండకండి.

పాకే మొక్కల వేళ్లు పునాదిలోకి దిగి గోడ బీటలు వారుతుందని మేస్త్రి అన్నాడు. కొత్త ఇల్లు, అప్పు చేసి కట్టాం.
- ఒక పాఠకుడు, కనకాలపేట

అప్పు చేసి కట్టిన ఇల్లు కదా, మీ భయం అర్థమవుతోంది. సరస్వతి ఆకు, సింగోనియం, గడ్డి వేళ్లు పైపైనే ఉంటాయి, పునాదిని ఏమీ చేయలేవు. చెమ్మ పట్టకుండా గోడకు మూరెడు దూరం వదిలి, మనీ ప్లాంట్‌ను గోడెక్కనివ్వకుండా ఉంటే చాలు. మీరు భయపడవలసింది ప్రహరీ సందుల్లోనో, సన్‌షేడు మీదో మొలిచే రావి మొక్కను చూసి. అది నాలుగాకుల మీద ఉన్నప్పుడే వేరుతో సహా తీయించండి.

కొబ్బరితోటలో నేలమీద పాకుతుందని పిప్పలి తీగ ముక్కలు తెచ్చి నాటాను. ఏడాది దాటింది, బాగా అల్లుకుంది. సన్నటి కంకులు వస్తున్నాయి, పసుపెక్కి రాలిపోతున్నాయి. ఒక్క పిప్పలీ దక్కలేదు. తెగులు మందు కొట్టమన్నారు. కొట్టనా?
- ఒక రైతు, అడవిపొలం

మందు డబ్బులు దాచుకోండి, మీ తీగకు జబ్బు లేదు. పిప్పలిలో ఆడ మగ వేరువేరు తీగలు. మీరు చెప్పిన పొడుగాటి సన్నకంకి మగదానిది, పని అయ్యాక రాలడం దాని ధర్మం. ఆడకంకి పొట్టిగా, బొద్దుగా, చిటికెన వేలి కొసలా ఉంటుంది. ఒకే తల్లితీగ నుంచి ముక్కలు తెచ్చుంటారు, అన్నీ మగవే అయ్యాయి. కాపు కళ్లతో చూసిన తీగ నుంచి మూడు కణుపుల ముక్కలు తెచ్చి ఈ వానల్లోనే మధ్య మధ్య నాటండి, ఆరేడు నెలలకు కంకి కనబడుతుంది. ముదురాకుపచ్చకు తిరిగి గట్టిపడగానే కోసి ఎండబెట్టండి, తీగ మీదే పండనిస్తే ఘాటు పోతుంది. మగతీగలూ వృథా కావు. ముదిరాక ఆ వేరే మోడి, విశాఖ మన్యంలో పిప్పలిని ఎక్కువగా దానికోసమే వేస్తారు.